రజాకారు అంటే సేవకుడే!

నిఘంటువు తెరిచి చూడండి. రజాకారు అంటే ఇష్టపూర్వకంగా సేవ చేసేవాడని అర్థం. ఎంత చక్కని మాట! అదే మాట సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో మాత్రం ఇప్పటికీ తిట్టే. మంచి మాటకి ఈ గతి ఎందుకు పట్టింది?

1947లో ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయారు. నిజాం నవాబు మాత్రం ఇండియాలో కలవనన్నాడు. ఆయన రాజ్యంలో ముస్లిములు నూటికి 15 మందికి మించరు. గద్దె నిలవాలంటే ఏదో ఒక ఆసరా కావాలి కదా! మజ్లిస్ పార్టీ ఆ ఆసరా ఇచ్చింది. 'అనల్ మాలిక్' అన్నారు. నేనే రాజునని దానర్థం. జట్కా తోలుకునే సాయిబుకి కూడా 'నువ్వే రాజువి' అని నూరిపోశారు. పాపం, ఇంటికెళ్తే పొయ్యిలో పిల్లి లేవలేదు! కానీ ఆ మాట కైపెక్కించింది. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ ఆ కైపునే రజాకార్ల దండుగా మార్చాడు.

మరి మన నల్లగొండ జిల్లా పల్లెలు అడిగిందేమిటి? వెట్టి వద్దు, దున్నుకునే భూమి కావాలి అని. వాళ్లని అణచడానికి వచ్చిన రజాకార్లకి గడీలలోని హిందూ దొరలే అండగా నిలిచారు. చూశారా తమాషా! పైకి జాతి గౌరవం, లోపల భూమి లెక్కలు.

ఇదేమిటని అడిగినవాడు సొంత మతంవాడైనా సరే, ద్రోహే. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్ల ఆగడాలని ఖండిస్తూ రాశాడు. 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో ఆయన్ని చంపి, రాసిన చేతిని నరికేశారు.

ఆ రోజుల్లో కోదాడకీ సూర్యాపేటకీ నడుమ మునగాల పరగణా మద్రాసు రాష్ట్రంలోది. ఆ దారిన బండి కట్టుకుని పోయే మనిషి నిజాం రాజ్యం దాటి ఇండియాలోకి, మళ్లీ నిజాం రాజ్యంలోకి వెళ్లేవాడన్నమాట. అటూ ఇటూ అదే జొన్నచేను, అదే తెలుగు!

1948 సెప్టెంబరు 13న ఇండియా సైన్యం బెజవాడ వైపు నుంచి అదే దారిన వచ్చింది. వెనక్కి తగ్గుతున్న నిజాం సేనలు సూర్యాపేట దగ్గర మూసీ వంతెన పేల్చేశాయి. అయినా అయిదు రోజుల్లో అంతా ముగిసింది.

ముగిసిందా? అప్పుడు రెండో వైపు కైపు మొదలైంది. ప్రతీకారం పేరుతో, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, ఏ పాపం ఎరుగని ముస్లిముల్ని చంపారు. కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది పోయారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికే రాలేదు.

రజ్వీ ఏమయ్యాడంటారా? జైల్లో ఉండి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. నిజాం 1956 దాకా రాజప్రముఖ్‌గా దర్జాగానే ఉన్నాడు. నిప్పు పెట్టినవాళ్లు బాగానే ఉన్నారు. కాలిన కొంపలు మాత్రం పేదవాళ్లవి.

ఆ నివేదికలోనే ఇంకో సంగతి ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు ప్రాణాలొడ్డి తోటి ముస్లిం నేతగాళ్లని కాపాడారట. పక్క మగ్గం మీద కూర్చునేవాడు ఎవరో వాళ్లకి తెలుసు మరి.

దేశాన్ని ప్రేమించడం తప్పని ఎవరంటారు? కానీ ఎవరైనా వేదికెక్కి 'నువ్వే రాజువి, పక్కింటివాడే నీ శత్రువు' అంటే మటుకు ఒక్కసారి ఆగి, 'ఇందులో మీ లాభమెంత నాయనా?' అని అడగండి. సంతలో వంకాయలకి ఆడే బేరమైనా దీనికి ఆడొద్దూ?