బాలమేధ గుర్తింపు: ఆంధ్రదేశ చరిత్ర

ఏదైనా విద్యలో గాని, ఆలోచనలో గాని ఈడు పిల్లలకంటే బాగా ముందుండే శక్తి చిన్ననాడే కనబడితే దాన్ని బాలమేధ అంటారు. అది నిజంగా ఉన్నదా, పెద్దల మురిపెమా అని తేల్చే ప్రయత్నం తెలుగునాట అన్నప్రాశన నాడే మొదలవుతుంది. పుస్తకం, కలం, బంగారం, కత్తి, పూలు ఎదురుగా పరిచి బిడ్డను పాకనిస్తారు. ఆరునెలల బిడ్డ మెరిసేదాని మీదికి పోతాడని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా కలం మీద చెయ్యి పడితే అమ్మమ్మ మురిసిపోతుంది. ఇది పరీక్ష వేషం వేసుకున్న వేడుక. అసలు కొలత వేదపాఠంలో పుట్టింది. గురువు ఒకసారి పలికితే శిష్యుడు రెండుసార్లు అనడాన్ని సంథ అంటారు. ఒక్కసారి వినగానే పట్టేసినవాడు ఏకసంథాగ్రాహి, రెండోసారికి పట్టినవాడు ద్విసంథాగ్రాహి. చదువు తాటాకుల మీద ఉన్న కాలంలో జ్ఞాపకమే గ్రంథాలయం కాబట్టి ఆ కొలత అప్పటికి సబబైనదే. అవధాన విద్యలో ధారణకు నేటికీ ఉన్న గౌరవం దాని వారసత్వమే. నన్నయ కాలం నుంచి నాయకరాజుల దాకా ఆరు శతాబ్దాల కవుల బాల్యాల గురించి మిగిలినవి చాలావరకు దేవతానుగ్రహ కథలు.

జ్ఞాపకం బాలమేధకు గుర్తే గాని కొలబద్ద కాదనడానికి మంచి సాక్ష్యం విజయనగరంలో దొరుకుతుంది. హరికథా పితామహుడు ఆజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు 1864లో పుట్టారు. బడికి పంపే స్తోమత ఇంట్లో లేదు. విన్న పద్యాలు విన్నట్టే నోటికొచ్చేవి. ఐదేళ్ల వయసులో తల్లితో పుస్తకాల దుకాణానికి వెళ్లి భాగవతం కావాలన్నాడట. నీకు చదవడం వచ్చునా అని దుకాణదారు నవ్వితే పద్యాలు వరుసగా రాగయుక్తంగా అప్పజెప్పాడనీ, ఆ పెద్దమనిషి పుస్తకాన్నీ కొంత డబ్బునూ బహుమతిగా ఇచ్చి పంపాడనీ చెబుతారు. దుకాణదారు మెచ్చినది ధారణను. కాని పద్యాలు కంఠతా వచ్చిన పిల్లలు ఆనాటి అగ్రహారాల్లో అరుదేం కాదు. వాళ్లలో ఎందరు ఆట, పాట, మాట కలిపి ఒక కళారూపానికి కొత్త ఊపిరి పోశారు? ఎందరు ఉమర్ ఖయ్యాంను సంస్కృతంలోకీ అచ్చతెనుగులోకీ తెచ్చారు? విన్నదాన్ని దాచుకోవడం ఒక శక్తి. దాన్ని తనదిగా మార్చి, ఎవరూ నేర్పని చోటికి తీసుకుపోవడం మరొకటి. బాలమేధ అన్న పేరు రెండోదానికే చెల్లుతుంది.

ఆ రెండోదాన్ని పసిగట్టాలంటే ఆ విద్య తెలిసినవాడే కావాలి. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల వెలసింది. సంస్థానోద్యోగి ఒకరి అంధ కుమారుడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచన నుంచే అది పుట్టిందని ప్రతీతి. తొలి అధ్యక్షులు నారాయణదాసుగారే. విశాఖపట్నంలో అన్నగారి దగ్గర వాయులీనం నేర్చిన ద్వారం వెంకటస్వామినాయుడు అదే ఏడు విద్యార్థిగా చేరబోతే, ఆయన వాయిద్యం విని ఏకంగా ఆచార్యుడిగా తీసుకున్నారు. ద్వారంవారికి అప్పటికి ఇరవయ్యారేళ్లు, కనుక ఇది బాల్యపు ఉదంతం కాదు. అయినా ఇక్కడ చెప్పుకోవాలి: ధ్రువపత్రం అడగకుండా చెవితో తేల్చగల న్యాయనిర్ణేత ఎదుట ఉండటమే సగం గుర్తింపు. 1936లో ద్వారంవారే ఆ కళాశాల అధ్యక్షులయ్యారు, ఘంటసాల, పి.సుశీల చదివింది అక్కడే.

కోస్తా జిల్లాల్లో ఆ తర్వాతి దశాబ్దాలు ఇలాంటి ఉదాహరణలతో నిండుగా ఉన్నాయి. 1930లో శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి మురళీకృష్ణ, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడిగా ఎనిమిదేళ్లకే విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కచేరీ చేశాడు. పేరు ముందు ‘బాల’ చేర్చినది హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్. ఆ బాలత్వం ఎనభయ్యారేళ్ల దాకా పేరును వదల్లేదు. పదిహేనేళ్లకే డెబ్భయిరెండు మేళకర్తలలోనూ కృతులు కట్టడానికి పూనుకోవడం ఆయన మేధకు కచేరీకన్నా గట్టి రుజువు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఉదంతం మరింత స్పష్టం. ఆరేళ్లప్పుడు తండ్రి వాద్యాన్ని చేతపట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, కుర్రవాడు ఆ పాటను తీగల మీద పలికించేవాడు. మాండొలిన్ మీద స్వరం టక్కున మోగి ఆగిపోతుంది, గమకానికి లొంగదు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో, తీగను ఎంత లాగాలో చూపేవారు లేరు. జంట తీగల సంప్రదాయ వాద్యాన్ని వదిలి, ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్ మీద అతను కర్ణాటక సంగీతానికి దారి వేశాడు. 1978లో గుడివాడ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ జరిగింది. ఆ గుడివాడలోనే 1987లో పుట్టిన కోనేరు హంపి, తండ్రి చదరంగం ఆడుతుంటే పక్కన కూర్చుని ఎత్తు సూచించిన నాడే ఆయన దృష్టిలో పడింది. 2002లో పదిహేనేళ్లకు గ్రాండ్‌మాస్టరై, అప్పటికి ఆ హోదా పొందిన మహిళల్లో అందరికన్నా చిన్నదిగా నిలిచింది.

వీళ్లందరి ఇళ్లలోనూ ఆ విద్య ముందే ఉంది గనుక ఇది పెంపకమే, మేధ కాదనే ఆక్షేపణ ఉంది. తేలిగ్గా తీసివేయదగ్గది కాదు. ఇల్లు అవకాశాన్నీ వినే చెవినీ ఇస్తుంది. గురువుకే తెలియని వేళ్ల నడకను మాత్రం ఇవ్వలేదు. అయితే ఆక్షేపణలో మిగిలిన సగం నిజం: వాద్యం గాని, చదరంగపు బల్ల గాని లేని ఇంట్లో అదే మేధ పుడితే చూసేవారెవరు? పైగా ‘మాస్టర్’, ‘బేబీ’ అని ప్రకటనల్లో వెలిగి, పెద్దయ్యాక మామూలు ఉద్యోగాల్లో స్థిరపడినవారి చరిత్ర ఎవరూ రాయరు. నిలిచినవారినే లెక్కపెట్టి బాల్యంలోనే తెలిసిపోతుందనడం తర్కానికి నిలవదు.

ఇల్లు చూడకుండా పిల్లవాణ్ణి చూడాలన్న ఆశతోనే పరీక్షలు వచ్చాయి. 1905లో ఫ్రాన్స్‌లో బినే, సిమాన్ తయారుచేసిన కొలమానం చదువులో వెనకబడ్డ పిల్లలకు సాయం చేయడానికి పుట్టింది. అమెరికాలో టెర్మన్ దాన్ని మేధావులను ఏరే జల్లెడగా మార్చాడు. 1921 నుంచి ఆయన ఎంపిక చేసిన పదిహేనువందల పైచిలుకు పిల్లల్లో ఒక్కరికీ నోబెల్ రాలేదు. జల్లెడలో రాలిపోయిన షాక్లీ, అల్వారెజ్‌లకు వచ్చింది. మన దేశంలో కామత్ బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు అనువుగా మలిచాడు. తెలుగునాట గుర్తింపు ప్రభుత్వ బాధ్యతగా మారింది మాత్రం 1971లో, పి.వి.నరసింహారావు హయాంలో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల తెరిచినప్పుడు. మరుసటి ఏడు తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులాలు వచ్చాయి. పేదింటి తెలివికి తిండీ బడీ ఇచ్చిన ఆ ఆలోచన మెచ్చదగింది. 1986 నుంచి నవోదయ విద్యాలయాలు దాన్ని దేశవ్యాప్తం చేశాయి.

చోడవరం చుట్టుపక్కల చెరకు పల్లెల్లో ఐదో తరగతి పిల్లలకు నేడు బాలమేధ అంటే నవోదయ ప్రవేశపరీక్షే. ఎనభై ప్రశ్నలు, రెండు గంటలు. అందులో సగం బొమ్మల ప్రశ్నలు: నాలుగింటిలో వేరుగా ఉన్నదేది, అద్దంలో ఎలా కనిపిస్తుంది. తెలుగులోనే రాయవచ్చు. డెబ్భయిఐదు శాతం సీట్లు గ్రామీణులకే. అక్కడి చెరకు రైతు కూతురికి ఏ నారాయణదాసూ అందుబాటులో లేడు గనుక, ఈ పరీక్షను తప్పుబట్టేముందు దీని న్యాయాన్ని ఒప్పుకోవాలి. కాని బొమ్మల ప్రశ్నలకు గైడ్లూ కోచింగులూ వచ్చాక అది కొలిచేదానిలో మేధ ఎంతో, సాధన ఎంతో విడదీయడం కష్టమైంది. ఏకసంథాగ్రహణమే ఓఎంఆర్ పత్రం మీదికి ఎక్కింది. తరగతిలో పిల్లవాడు అడిగే వింత ప్రశ్ననూ, లెక్కను వేరే దారిలో చేసిన తీరునూ ఏడాది పొడవునా చూసే పంతులుగారి మాటకు ఈ ఎంపికలో మార్కులు లేవు. తొమ్మిదో తరగతిలో ఖాళీలుంటే మరో పరీక్ష పెడతారు. ఆరో తరగతి ప్రవేశపరీక్షను మాత్రం ఒక విద్యార్థి ఒక్కసారే రాయాలి, రెండోసారి రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు.