థయోపెంటాల్ సోడియం

థయోపెంటాల్ సోడియం సిరలోనికి ఎక్కించి మత్తు కలిగించే బార్బిచ్యురేట్ ఔషధము. దీనిని అబాట్ సంస్థలో ఎర్నెస్ట్ వోల్విలర్, డొనలీ టాబెర్న్ రూపొందించారు. 1934లో అమెరికాలో రాల్ఫ్ వాటర్స్, జాన్ లండీ వేర్వేరుగా రోగులకు తొలిసారి ఇచ్చారు.

ఇది గంధకపు వాసన గల లేత పసుపు రంగు పొడి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు వలన కరగని ఆమ్లరూపానికి మారకుండా దీనిలో నిర్జల సోడియం కార్బొనేట్ కలిపి, నత్రజని నింపిన సీసాలలో భద్రపరుస్తారు. ద్రావణం ఎక్కువకాలం నిలువ ఉండదు కనుక అప్పటికప్పుడు తయారుచేస్తారు. 500 మి.గ్రా. పొడిని 20 మి.లీ. సూక్ష్మజీవిరహిత జలంలో కరిగిస్తే 2.5 శాతం ద్రావణం లభిస్తుంది. దీని పీహెచ్ విలువ సుమారు 10.5.

ఈ అధిక క్షారత వలన, ఆమ్లగుణం గల సక్సామిథోనియం వంటి మందులతో కలిస్తే అవక్షేపం ఏర్పడి గొట్టం మూసుకుపోవచ్చును. పొరపాటున ధమనిలోనికి ఎక్కిస్తే స్ఫటికాలు ఏర్పడి, రక్తప్రసరణ ఆగి, ఆ అవయవమే కుళ్ళిపోయే ప్రమాదమున్నది.