నర్సమ్మ అప్పు, సైన్యం పద్దు

అమెరికా అంతర్యుద్ధం 1861లో మొదలైనప్పుడు ఉత్తరాది సైన్యానికి నర్సులను ఎంపిక చేసే పని డొరొథియా డిక్స్‌కు అప్పగించారు. ఆమె షరతులు గట్టివి. వయసు ముప్పై దాటాలి, సాదాసీదాగా కనిపించాలి, నలుపో గోధుమ రంగో బట్టలే వేసుకోవాలి, నగానట్రా పనికిరావు. ఇన్నిటికీ ఒప్పుకుని వచ్చిన మనిషికి దక్కేది రోజుకు 40 సెంట్లు, తిండి. ఆ దేశపు సైన్యమే ఇటీవలి కాలంలో నర్సుల చదువు అప్పు ఏడాదికి 40,000 డాలర్ల వరకు తానే కడతానని ప్రకటనలు ఇచ్చుకుంటోంది. ఈ రెండు అంకెల మధ్య నడిచినదాన్ని సైన్యం ఉదారత పెరిగిన కథగా చెప్పేవాళ్లున్నారు. నాకలా కనిపించదు. అవసరం నెత్తిమీదకు వచ్చిన ప్రతిసారీ సర్కారు ఒక కొత్త బేరం పెట్టింది. అవసరం తీరగానే ఆ దుకాణం కట్టేసింది.

స్పెయిన్‌తో 1898లో వచ్చిన యుద్ధంలో తూటాలకంటే జబ్బులు, ముఖ్యంగా టైఫాయిడ్, ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి. శిబిరాల్లో మంచాన పడ్డ సైనికుల కోసం డాక్టర్ అనిటా న్యూకాంబ్ మెగీ శిక్షణ పొందిన నర్సులను నెలకు 30 డాలర్ల కాంట్రాక్టు మీద తీసుకొచ్చింది. వాళ్ల పనితనం చూశాకే 1901 ఫిబ్రవరి 2న సైన్యంలో నర్సుల దళానికి చట్టబద్ధత వచ్చింది. నౌకాదళం 1908లో అదే దారి పట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఇరవై ఒక్క వేలకు పైగా నర్సులు సైన్యంలో చేశారు. దానికి ప్రతిఫలంగా 1920లో భుజాన అధికారుల గుర్తులు పెట్టుకోనిచ్చారు. అధికారుల జీతం మాత్రం ఇవ్వలేదు!

అసలైన బేరం రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, 1943లో వచ్చింది. నర్సులు యుద్ధభూములకు తరలిపోవడంతో దేశంలోని ఆసుపత్రులు ఖాళీ అవుతున్నాయి. అప్పుడు ఒహాయో నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన ఫ్రాన్సెస్ పేన్ బోల్టన్ తెచ్చిన చట్టంతో క్యాడెట్ నర్స్ కోర్ పుట్టింది. ట్యూషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ప్రభుత్వమే భరించింది. చేతిఖర్చుకు మొదటి తొమ్మిది నెలలు నెలకు 15 డాలర్లు, తర్వాత 20, చివరి దశలో కనీసం 30. మూడేళ్ల చదువును ముప్పై నెలలకు కుదించారు. బూడిదరంగు సూటు, భుజాల మీద ఎర్ర పట్టీలు, తలమీద బెరే టోపీ. ఆ రోజుల్లో గోడమీద పోస్టర్లలో, పత్రికల అట్టల మీద ఆ వేషమే. విద్యార్థిని బదులుగా ఇవ్వాల్సింది ఒక్క మాట: యుద్ధం ముగిసేదాకా నర్సుగా పనిచేస్తాను, సైన్యంలోనైనా సరే, అత్యవసరమైన పౌర సేవలోనైనా సరే. దాదాపు 1,80,000 మంది చేరారు, 1,24,000 మంది పైచిలుకు చదువు పూర్తి చేశారు. జాతి, రంగు చూడకూడదని చట్టంలోనే రాశారు కాబట్టి వాళ్లలో సుమారు మూడు వేలమంది నల్లజాతి అమ్మాయిలున్నారు.

ఈ పథకంలో నాకు నచ్చేది డబ్బు వచ్చిన సమయం. పుస్తకం తెరవకముందే ఖర్చు సర్కారుది. అప్పు చేసే స్తోమత కూడా లేని ఇంటి పిల్ల సైతం తలెత్తుకుని నర్సింగ్ స్కూలు గడప ఎక్కింది. యుద్ధం అయిపోయింది, చేర్చుకోవడం ఆపేశారు, 1948 నాటికి పథకం ముగిసింది. తమను మాజీ సైనికులుగా గుర్తించాలని ఆ క్యాడెట్లు దశాబ్దాల తరబడి అడిగారు. కాంగ్రెస్‌లో బిల్లులు వచ్చాయి, పోయాయి.

అదే యుద్ధంలో ఇంకో ముచ్చట ఉంది. 1945 జనవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నర్సులను నిర్బంధంగా సైన్యంలో చేర్చుకునే చట్టం కావాలన్నాడు. ప్రతినిధుల సభ సరేనంది కూడా. కానీ అప్పటికి నల్లజాతి నర్సులు చేరతామని దరఖాస్తులు పెట్టుకుంటుంటే సైన్యం కోటా పేరుతో కొద్దిమందినే తీసుకుని మిగతావాళ్లను వెనక్కి పంపుతోంది. నల్లజాతి నర్సుల సంఘం నాయకురాలు మేబెల్ స్టాపర్స్ పట్టుకున్నది ఈ మెలికనే. వస్తామన్నవాళ్లకు తలుపు మూసి, రానివాళ్లను ఈడ్చుకొస్తారా అని నిలదీస్తే పాలకుల దగ్గర జవాబు లేకపోయింది. ఆ జనవరిలోనే కోటా ఎత్తేశారు. ఐరోపాలో యుద్ధం మేలో ముగియడంతో నిర్బంధం బిల్లు అటకెక్కింది.

1947లో నర్సులకు శాశ్వత అధికారి హోదా దక్కింది. ఫ్లోరెన్స్ బ్లాంచ్‌ఫీల్డ్ రెగ్యులర్ సైన్యంలో కమిషన్ పొందిన మొదటి మహిళ. మగ నర్సులకు ఆ తలుపు తెరవడానికి 1955 దాకా పట్టింది. వియత్నాం యుద్ధకాలంలో మళ్లీ కొరత. 1964లో సైన్యానికి చెందిన వాల్టర్ రీడ్ ఆసుపత్రి, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం కలిసి ఒక నర్సింగ్ విద్యాసంస్థ నడిపాయి. చదువు సైన్యం ఖర్చు, తర్వాత మూడేళ్ల కొలువు. 1978లో దాన్నీ మూసేశారు.

ఈలోగా చదువు తీరే మారిపోయింది. పాతకాలపు ఆసుపత్రి నర్సింగ్ స్కూళ్లలో పిల్లలు వార్డుల్లో రాత్రింబవళ్లు చాకిరీ చేసి ఫీజు బాకీ ఒళ్లు వంచి తీర్చుకునేవాళ్లు. అది దోపిడీయే, కాదనను. అయితే బయటికొచ్చేనాటికి మెడమీద అప్పుండేది కాదు. చదువు విశ్వవిద్యాలయాలకు మారాక చాకిరీ తగ్గింది, ఫీజు పెరిగింది. 1965 ఉన్నత విద్యా చట్టంతో విద్యార్థి రుణం మామూలైపోయింది. 1976 నుంచి సైన్యం కూడా నర్సు అధికారికి బ్యాచిలర్స్ డిగ్రీ ఉండాల్సిందేనంది. డిగ్రీ కావాలన్నది సైన్యం, అప్పు చేసింది పిల్ల. పైగా 1973లో నిర్బంధ సైనిక సేవ రద్దయింది కనుక బతిమాలో, బోనస్ ఇచ్చో తెచ్చుకోవాలి తప్ప వేరే దారి లేదు.

1980ల చివర నర్సుల కొరత దేశమంతా ముదిరింది. 1989లో కాంగ్రెస్ చేసిన రక్షణ చట్టం మొదటిసారిగా చేరిక బోనస్ పెట్టింది: నాలుగేళ్లు చేస్తానంటే 5,000 డాలర్లు. మత్తుమందు ఇచ్చే నర్సులకు ప్రత్యేక వేతనం, డిగ్రీ చదువుతున్నవాళ్లకు నెలనెలా స్టైపెండ్ అందులోనివే. 1997లో వైద్యవృత్తులవారి చదువు అప్పు తీర్చే అధికారం చట్టానికెక్కింది. అప్పటి పరిమితి ఏడాదికి 22,000 డాలర్లు, 2006లో అది 60,000 అయింది. నర్సుల చేరిక బోనస్ గరిష్ఠ పరిమితి 2002లో 30,000కు చేరింది. పదమూడేళ్లలో ఆరు రెట్లు! ఇరాక్ యుద్ధం ఇంకా మొదలే కాలేదు.

ఒప్పందం దగ్గరికి వెళ్లి చూద్దాం. సైన్యం ఏడాదికి 40,000 కడతానంటే ఆ 40,000 అప్పులోంచి తగ్గదు. అది ఆదాయమే కాబట్టి పన్ను ముందుగానే కోస్తారు. 22 శాతం కోత అనుకుంటే 8,800 పోయి 31,200 మాత్రమే రుణసంస్థకు చేరుతుంది. అప్పు నర్సు పేరున ఉండాలి. కూతురి చదువుకు తండ్రి తన పేర తీసుకున్న అప్పు ఇందులోకి రాదు. రిజర్వ్ దళంలోనైతే ఒక ఏడాది సేవ సక్రమంగా పూర్తిచేశాకే ఆ ఏడాది వాయిదా కడతారు. గడువు ముగియకుండా మానేస్తే మిగిలిన కాలానికి తగ్గ బోనస్ వెనక్కి కక్కాల్సిందే. ఒప్పందం తెగిన అయిదేళ్లలోపు దివాలా పిటిషన్ పెట్టి బయటపడదామన్నా ఆ బాకీ మాఫీ కాదు. అంటే ఒక బాకీ పోయి ఇంకో బాకీ వస్తుంది. మొదటిది డాలర్లలో, రెండోది సంవత్సరాల్లో. పోస్టింగు ఎక్కడో, యుద్ధం ఎప్పుడో చెప్పే హక్కు నర్సుది కాదు.

చదువు ముగిశాక మనసుకు నచ్చితేనే సంతకం పెట్టే వెసులుబాటు ఇందులో ఉందన్నది నిజం. కానీ ఎలాగోలా అప్పు పుట్టించుకుని డిగ్రీ గట్టెక్కినవాళ్లకే ఈ పథకం. అప్పుకు భయపడి చదువే మానుకున్న పిల్ల దీని లెక్కలోకి రాదు. 1943 పథకం ఆ పిల్లనే వెతికింది. నా ఓటు దానికే.

మన సైన్యం ఆ పాత దారినే నడుస్తోంది. 1888లో బ్రిటన్ నుంచి పదిమంది నర్సులు బొంబాయి రేవులో దిగడంతో మొదలైన సేవ, బోల్టన్ చట్టం వచ్చిన 1943లోనే ఆర్డినెన్సుతో మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌గా నిలబడింది, నర్సులు కమిషన్డ్ అధికారులయ్యారు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు ఫీజు లేదు, వసతి, భోజనం, స్టైపెండ్ ఉంటాయి. బదులుగా బాండ్ రాసి కొలువు చేయాలి. పుణె, కోల్‌కతా, ముంబయి, ఢిల్లీ, లక్నో, బెంగళూరు కళాశాలల్లో కలిపి ఉన్నవి 220 సీట్లు. 2022 నుంచి వాటికి దారి నీట్. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి కళాశాల ఒక్కటీ లేదు.

అమెరికాలో నర్సింగ్ చదువుతున్న తెలుగు పిల్లలున్న ఇళ్లవారికి ఒక మాట. అక్కడ పూర్తికాల సైన్యంలో నర్సు అధికారి కావాలంటే ఆ దేశపు పౌరసత్వం తప్పనిసరి. వీసా మీద వెళ్లినవారికి ఆ ప్రకటనలు వర్తించవు. అక్కడే పుట్టిన పిల్లలకు వర్తిస్తాయి. సంతకం పెట్టబోయేముందు బోనస్ అంకె ఒక్కటే చూడకండి. పన్ను పోగా చేతికొచ్చేదెంత, అప్పు ఎవరి పేరున ఉంది, మధ్యలో మానేస్తే వెనక్కి కట్టాల్సిందెంత, ఇవన్నీ రిక్రూటర్ చేత కాగితం మీద రాయించుకోండి.