కెమెరా కంపెనీకి లెక్కల యంత్రం ఎట్లా వచ్చింది?

మన సభ్యులలో చాలామంది సైక్లోస్టైల్ సిరా చేతులకంటిన తరం వారే. స్టెన్సిల్ కోసి, రోలరు తిప్పి సర్క్యులర్లు పంపినవాళ్లం. తరువాత జిరాక్సు, ఆపైన లేజర్ ప్రింటరు వచ్చాయి. ప్రింటరులో మార్చే కాట్రిడ్జి వెనుక జపాను కంపెనీ కానన్ చరిత్ర కొంత ఉంది. నేను చదివినంతలో మనవి చేస్తాను.

కానన్ మొదట కెమెరాల కంపెనీ. కటకాలు సానపట్టడం, నాజూకు యంత్రభాగాలు అమర్చడం వారి విద్య. 1950ల చివర సింక్రోరీడర్ అనే యంత్రం తలపెట్టారు. కాగితానికి ఒకవైపు అక్షరాలు, వెనుక అయస్కాంత పూత, ఆ పూతలో శబ్దం. కాగితాన్ని యంత్రం మీద పెడితే మాట వినిపిస్తుంది. ముచ్చటైనదే గాని కొనేవారు లేకపోయారు. దానికోసం ఎలక్ట్రానిక్సు ఇంజనీర్లను చేర్చుకుని ఉన్నారు. యంత్రం పోయింది, మరి మనుషులో? మన ఆఫీసులలోనైతే ‘సర్‌ప్లస్’ జాబితా తయారయ్యేది! అక్కడ ఉంచుకున్నారు. వారి చేతులమీదుగానే 1964లో కానోలా 130 అనే ఎలక్ట్రానిక్ లెక్కల యంత్రం వెలువడింది. 1969లో కంపెనీ తన పేరులోంచి ‘కెమెరా’ అన్న మాటే తీసివేసింది.

ఆ విద్య తిరిగి కెమెరాకూ అక్కరకు వచ్చింది. 1976 నాటి ఏఈ-1 కెమెరాలో చిన్న కంప్యూటరు చిప్పు పెట్టారు. షట్టరు వేగం మనం నిర్ణయిస్తే, కటకం ద్వారం ఎంత తెరవాలో అదే లెక్కకట్టేది.

నాకు అన్నిటికంటె నచ్చినది 1982 నాటి చిన్న కాపీయంత్రం. పెద్ద ఆఫీసుకైతే మరమ్మతు మనిషిని పంపవచ్చు. చిన్న దుకాణానికి పంపితే గిట్టదు. తరచు చెడేది డ్రమ్ము, దాని చుట్టుపక్కల భాగాలే. అందుచేత డ్రమ్మును, పొడిసిరాను ఒకే డబ్బాలో అమర్చి, అయిపోగానే పారవేసేటట్లు చేయదలచారు. పరిశోధన, ఉత్పత్తి, అమ్మకాల వారిని ఒకే జట్టులో కూర్చోబెట్టారు. పక్క సెక్షనుకు ఫైలు కదలడానికే నెల పట్టే చోట పనిచేసిన నాకు ఇదే అసలు వింత. సరే, అల్యూమినియం డ్రమ్ము చవకగా చేయడమెట్లా? జట్టు నాయకుడు బీరు తెప్పించి, ఆ ఖాళీ డబ్బా చేతబట్టి, ‘ఇదీ అల్యూమినియమే కదా, ఇంత తక్కువకు ఎట్లా చేస్తున్నారు?’ అన్నాడట. నొనాకా, తకెయుచి 1995లో వెలువరించిన గ్రంథంలో ఈ ముచ్చట ఉంది. (మద్యపానాన్ని సమర్థిస్తున్నానని అనుకోవద్దు!)

1984లో హ్యూలెట్ పాకర్డ్ విడుదల చేసిన లేజర్‌జెట్ ప్రింటరు లోపలి యంత్రం కానన్‌దే. ఆ డబ్బా పద్ధతి దానిలోకీ వచ్చింది. మీ మనుమలు ఇంట్లో కాట్రిడ్జి మార్చేటప్పుడు ఒకసారి చూపించమనండి. చాలా వాటిలో ఆకుపచ్చగానో నీలంగానో మెరిసే గొట్టం ఉంటుంది, అదే డ్రమ్ము. ఎక్కువసేపు వెలుతురు సోకితే పాడవుతుంది, వెంటనే లోపల పెట్టించండి.