ఒకే హోండా, రెండు పాఠాలు

క్యాట్ దరఖాస్తుల గడువు దగ్గరపడే కొద్దీ తెలుగునాట కోచింగ్ సెంటర్లు కిటకిటలాడతాయి. ఐసెట్ ర్యాంకు చేతికొచ్చినవాళ్లు కౌన్సెలింగ్ తేదీల కోసం ఎదురుచూస్తుంటారు. ఎంబీఏలో చేరబోయే ఈ పిల్లలకు ఫైనాన్స్ అంటే ఏమిటో, మార్కెటింగ్ అంటే ఏమిటో కాస్తో కూస్తో తెలుసు. స్ట్రాటజీ పేపరు సంగతి మాత్రం ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. ఏ వ్యాపారంలో ఉండాలి, దేన్ని వదులుకోవాలి, కంపెనీ మొత్తాన్ని ఎటు నడపాలి అన్నవే దాని ప్రశ్నలు. వాటికి పుస్తకం వెనకపేజీలో సమాధానాలు దొరకవు. నూరేళ్లు దాటిన ఈ చదువు సూత్రాలు వల్లెవేయించినప్పుడు విద్యార్థికి ఇచ్చింది కొంతే. ఒకే సంఘటనకు రెండు వివరణలు ముందు పెట్టి, ఏది ఎంతవరకు నమ్మాలో నువ్వే తేల్చుకో అన్నప్పుడు ఇచ్చింది చాలా ఎక్కువ. ఈ మాటకు హోండా మోటార్‌సైకిల్ కథను మించిన సాక్ష్యం లేదు.

వ్యూహం లేని వ్యాపారం ఏనాడూ లేదు. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు లాక్కునేవారు. తాను అలా చేయననీ, 30వ వంతు సుంకం మాత్రమే తీసుకుంటాననీ సముద్ర వర్తకులకు మాటిచ్చాడు. ఇవాళ ఏ తరగతి గదిలోనైనా దాన్ని గట్టి వ్యూహ నిర్ణయమనే అంటారు. అయితే అప్పట్లో ఈ విద్యకు బడి లేదు. కొట్లో గుమస్తాగా చేరి, షావుకారు పక్కన కూర్చుని పట్టుబడిన విద్య అది. దానికి విశ్వవిద్యాలయం దొరకడానికి ఆరు శతాబ్దాలు దాటింది. 1881లో ఫిలడెల్ఫియాలో వార్టన్, 1900లో డార్ట్‌మత్‌లో టక్, 1908లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పుట్టాయి. ఎంబీఏ అనే పట్టా హార్వర్డ్‌తోనే మొదలైంది. కొద్ది ఏళ్లకే ఆర్చ్ షా అనే పత్రికా ప్రచురణకర్త అక్కడ ‘బిజినెస్ పాలసీ’ కోర్సు ప్రారంభించాడు. దాని పద్ధతి ముచ్చటైనది. నిజమైన వ్యాపారి క్లాసుకొచ్చి తన కంపెనీని పీడిస్తున్న సమస్య చెప్పేవాడు. రెండు రోజుల తర్వాత విద్యార్థులు తమ సలహా రాసి ఇచ్చేవారు. ఆ వ్యాపారి మళ్లీ వచ్చి వాటి మీద చర్చించేవాడు. 1919లో డీన్ అయిన వాలెస్ డోనమ్ లా చదివినవాడు. కోర్టు తీర్పుల మీద లా విద్యార్థులు వాదించుకున్నట్టే వ్యాపార ఉదంతాల మీద వాదించుకోవాలన్నాడు. 1921లో రాసిన తొలి కేసు ఒక చెప్పుల కంపెనీది. పని గంటలు ముగియకముందే కార్మికులు చేతులు కడుక్కోవడానికి లేచిపోతున్నారు, ఏం చేయాలి? ఇంత చిన్న ప్రశ్నతో మొదలైంది ఆ పరంపర.

తర్వాతి నలభై ఏళ్లు వేగంగా దాటేయవచ్చు. యుద్ధాలు జరిగాయి, కంపెనీలు పెరిగాయి, బిజినెస్ పాలసీ మాత్రం పెద్దమార్పు లేకుండా సాగింది. 1959లో ఫోర్డ్ ఫౌండేషన్ తరఫున వచ్చిన నివేదిక బిజినెస్ స్కూళ్ల చదువులో శాస్త్రీయత చాలదని గట్టిగా చెప్పింది. 1962లో ఆల్ఫ్రెడ్ చాండ్లర్ అమెరికా మహా కంపెనీల చరిత్ర రాశాడు. 1965లో ఇగోర్ ఆన్సాఫ్ ప్రణాళికకు మెట్లు కట్టి చూపించాడు. 1963లో బ్రూస్ హెండర్సన్ స్థాపించిన బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ ఉత్పత్తి రెట్టింపయ్యే కొద్దీ ఖర్చు తగ్గుతుందన్న వక్రరేఖనూ, వ్యాపారాలను నాలుగు గడుల్లో పెట్టే చిత్రాన్నీ ప్రచారంలోకి తెచ్చింది. క్లాసులోకి లెక్క వచ్చింది, లెక్కతో పాటు ధీమా వచ్చింది.

ఆ ధీమా పరాకాష్ఠకు చేరినప్పుడు హోండా కేసు వచ్చింది. 1959లో అమెరికా మోటార్‌సైకిల్ మార్కెట్లో 49 శాతం ఉన్న బ్రిటిష్ వాటా 1973 నాటికి 9 శాతానికి పడిపోయింది. ట్రయంఫ్, బీఎస్ఏ, నార్టన్ లాంటి పేర్లు చూస్తుండగానే కుంగిపోయాయి. కారణమేమిటో, చేయవలసిందేమిటో చెప్పమని బ్రిటిష్ ప్రభుత్వం బోస్టన్ గ్రూప్‌ను అడిగింది. 1975లో అందిన 120 పేజీల నివేదిక చెప్పిన కథలో ఎక్కడా లొసుగు కనిపించదు. జపాన్ కంపెనీలు సొంత దేశంలో చిన్న బళ్లు లక్షల్లో చేశాయి, ఖర్చు తగ్గించుకున్నాయి, ఆ బలంతో అమెరికాలో చిన్న బళ్లతో అడుగుపెట్టి మెల్లగా పెద్ద బళ్లవైపు ఎగబాకాయి. బ్రిటిష్ వాళ్లు లాభం తక్కువని ఒక్కో మెట్టూ వదులుకుంటూ పోయారు. హార్వర్డ్‌తో సహా అమెరికాలోని పేరున్న స్కూళ్లు దీన్ని కేసుగా మలచుకున్నాయి. దూరదృష్టి గల వ్యూహానికి హోండా ఆదర్శమని విద్యార్థులు రాసుకున్నారు.

రిచర్డ్ పాస్కల్ అనే పండితుడికి ఈ కథ మరీ నున్నగా అనిపించింది. అమెరికాలో హోండా అడుగుపెట్టినప్పుడు ఆ పని చేసిన ఆరుగురు అధికారులను 1982 సెప్టెంబరు 10న టోక్యోలో కూర్చోబెట్టి అడిగాడు. వాళ్లు చెప్పింది 1984లో అచ్చయింది, చదివితే నివేదికలోని హోండాకూ ఈ హోండాకూ పోలికే కనిపించదు. అమెరికాలో ఏదైనా అమ్మగలమా చూద్దామన్న కోరిక తప్ప తమకు వ్యూహమంటూ ఏదీ లేదని వాళ్లలో ఒకరైన కవాషిమా కిహచిరో ఒప్పుకున్నాడు. విదేశీ మారకం మీద కట్టుదిట్టాలున్న రోజులవి. జపాన్ ఆర్థికశాఖ అనుమతించింది రెండున్నర లక్షల డాలర్లు, అందులో నగదు లక్షా పదివేలే. మిగతాది బళ్ల రూపంలో, విడిభాగాల రూపంలో తీసుకెళ్లాలి. లాస్ ఏంజెలెస్‌లో నెలకు 80 డాలర్లకు ఒక అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకున్నారు. ఇద్దరు నేలమీదే పడుకునేవారు. ఊళ్లో పాతబడిన పేటలో గోదాము తీసుకుని, పెట్టెలు తామే మోసి ఒకదానిమీద ఒకటి పేర్చారు, నేల తామే ఊడ్చుకున్నారు. అమ్మకాల సీజన్ ముగుస్తున్న వేళకు వెళ్లామన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు.

వాళ్ల ఆశంతా 250, 305 సీసీ బళ్ల మీదే. ఆ బళ్ల హ్యాండిల్ వంపు బుద్ధుడి కనుబొమలా ఉంటుందనీ, అదే అమ్మిపెడుతుందనీ కంపెనీ స్థాపకుడు హోండా సోయిచిరోకు గట్టి నమ్మకం. నాలుగో వంతు సరుకుగా తెచ్చిన 50 సీసీ సూపర్ కబ్‌లను అమ్మకానికి ముందుపెట్టనేలేదు. పెద్ద బళ్లంటే పడిచచ్చే మార్కెట్లో చిన్న బండి పెడితే పరువు పోతుందని వాళ్ల భయం. 1960 ఏప్రిల్‌లో అసలు దెబ్బ తగిలింది. పెద్ద బళ్లు ఆయిల్ కారుతున్నాయి, క్లచ్‌లు పాడవుతున్నాయి. అమెరికాలో జపాన్‌లో కన్నా ఎక్కువ దూరం, ఎక్కువ వేగంతో నడుపుతారు. ఉన్న కొద్ది నగదులోంచే ఖర్చు పెట్టి చెడిన బళ్లను విమానంలో జపాన్ పంపారు. అక్కడి ల్యాబ్ రాత్రింబవళ్లు పనిచేసి, నెలలోపే హెడ్ గాస్కెట్‌నూ క్లచ్ స్ప్రింగ్‌నూ మార్చి డిజైన్ చేసింది. ఈలోగా ఊళ్లో పనుల మీద తిరగడానికి వాళ్లు వాడుకుంటున్న సూపర్ కబ్‌లు జనం కంటపడ్డాయి. సియర్స్ అనే దుకాణాల కంపెనీలో సరుకు కొనే అధికారి ఫోన్ చేశాడు. పెద్ద బళ్లు మొరాయించాక వేరే దారిలేక చిన్నబండిని బయటికి తీశారు. దాన్ని అమ్ముతామని ముందుకొచ్చింది మోటార్‌సైకిల్ డీలర్లు కాదు, ఆటసామాను దుకాణాలవాళ్లు. మర్యాదస్తులు ఎక్కే బండిగా హోండాకు పేరు తెచ్చిన ప్రకటన కూడా లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి క్లాసు పనిగా రాసిచ్చినదే. 1964 నాటికి అమెరికాలో అమ్ముడయ్యే ప్రతి రెండు మోటార్‌సైకిళ్లలో దాదాపు ఒకటి హోండాదే.

అయితే మొదటి కథ అబద్ధమా? ఆ నివేదిక రాసినవారిలో ఒకరైన మైఖేల్ గూల్డ్ 1996లో ఇచ్చిన జవాబు తీసిపారేయదగ్గది కాదు. బ్రిటిష్ ప్రభుత్వం తమను అడిగింది ఇప్పుడేం చేయాలని, హోండా అక్కడికి ఎలా చేరిందని కాదు అన్నాడాయన. అది న్యాయమైన మాటే. పైగా హోండా గెలుపంతా అదృష్టమనడానికీ లేదు. అమెరికా వెళ్లిన ఆ ఏడాదే జపాన్‌లో 2,85,000 బళ్లు అమ్మింది, వాటిలో 1,68,000 సూపర్ కబ్‌లే. 1961లో ఐల్ ఆఫ్ మ్యాన్ రేసుల్లో బ్రిటిష్ గడ్డ మీదే గెలిచిన ఇంజిన్లు వాళ్లవి. నెలలోపు క్లచ్‌ను సరిచేయగలిగింది ఆ నైపుణ్యంతోనే. అవకాశం తలుపు తట్టినప్పుడు అందుకునే సత్తా లేకపోతే సియర్స్ ఫోన్ వృథా అయ్యేది. ఆ సత్తా ఎంత ఉన్నా, తప్పు తెలిసినప్పుడు దారి మార్చుకోకపోతే పెద్ద బళ్లతోనే ఆ వ్యాపారం మునిగేది. మొదటి కథలో ఈ రెండో సంగతికి చోటులేదు. విద్యార్థికి అది దక్కేది రెండో కథలోనే.

ఇరవై మూడేళ్ల కుర్రాడికి ముందు ఒక చట్రం ఉండాలి, సందేహాలు తర్వాత అనేవాళ్లున్నారు. చట్రం కావాలన్నది నిజమే. 1980లో మైఖేల్ పోర్టర్ పుస్తకం పరిశ్రమను అయిదు శక్తులుగా విడదీసి చూపకపోతే, పోటీ అంటే పక్క షాపువాడు మాత్రమే అనుకునే తరం మిగిలిపోయేది. అయితే హోండా రెండు కథలూ చదివిన కుర్రాడు చట్రాన్ని పారేయడు, దాన్ని ఎక్కడ నమ్మాలో తెలుసుకుంటాడు. మొదటిదే చదివినవాడు గెలిచినవాళ్లంతా ముందే లెక్కవేసుకుని గెలిచారని నమ్మి, తన లెక్క తప్పిన రోజున కదలలేక నిలబడిపోతాడు.

ఇక్కడినుంచి చరిత్ర ఒక వరుసలో నడవదు. వ్యూహం ముందే గీసుకునే ప్రణాళికా, నడుస్తూ నేర్చుకునేదా అన్న విషయం మీద కెనడా పండితుడు మింట్జ్‌బర్గ్, ఆన్సాఫ్‌తో తలపడ్డాడు. 1990లో ప్రహ్లాద్, హామెల్ అనే ఇద్దరు పండితులు అదే హోండా ఇంజిన్లను కంపెనీ కీలక నైపుణ్యానికి ఉదాహరణగా చూపించారు, అది మూడో హోండా. మన దగ్గర హైదరాబాద్ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1956లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎంబీఏ 1957లో మొదలయ్యాయి. 1961లో పుట్టిన అహ్మదాబాద్ ఐఐఎం హార్వర్డ్ తోడుతో కేసు పద్ధతి తెచ్చింది. 2001లో హైదరాబాద్‌కు ఐఎస్‌బీ, 2015లో విశాఖకు ఐఐఎం వచ్చాయి. నేడు యాప్‌లూ ప్లాట్‌ఫారాలూ వచ్చాక సిలబస్ ఏడాదికొకలా మారుతోంది, ఏ ఒక్క సిద్ధాంతమూ పెత్తనం చేయడంలేదు.

మారేది మారనివ్వండి. మన కాలేజీల్లో స్ట్రాటజీ చెప్పే అధ్యాపకులకు ఒక్క విన్నపం: ఏ కంపెనీ గెలుపును పాఠంగా చెప్పినా, ఆ పని చేసినవాళ్లు తామే చెప్పుకున్న కథను కూడా దాని పక్కన పెట్టండి. విద్యార్థులారా, అది సిలబస్‌లో లేకపోతే అడిగి తెప్పించుకోండి.