దూరాన ఉన్న యంత్రం ముందు కూర్చోవడం ఎలా?

మీరు సూరత్ నగరంలోని ఆల్థాన్‌లో ఉన్నారనుకోండి. మీ సంరక్షణలోని సర్వరు సికింద్రాబాద్‌లో ఉంది. అర్ధరాత్రి అది ఉలుకూ పలుకూ లేకుండా పడిపోయింది. రైలెక్కి వెళ్ళేలోగా ఒక రోజు గడిచిపోతుంది. కూర్చున్నచోటి నుంచే దాన్ని లేపడం సాధ్యమా? సాధ్యమే, అదీ అనేక విధాలుగా. ఆ పద్ధతులు ఏ క్రమంలో పుట్టాయో చూస్తే వాటి మధ్య తేడా సులువుగా బోధపడుతుంది.

1940 సెప్టెంబరు 11న అమెరికాలోని హానోవర్‌లో గణితశాస్త్రజ్ఞుల సమావేశం జరిగింది. బెల్ లాబొరేటరీస్‌కు చెందిన జార్జ్ స్టిబిట్జ్ ఆ సభకు ఒక టెలిటైపును మాత్రమే తెచ్చాడు. లెక్కలు చేసే రిలేల యంత్రం న్యూయార్క్‌లోనే ఉంది. ఇక్కడ కొట్టిన లెక్క తీగల వెంట అక్కడికి వెళ్ళింది, జవాబు తిరిగివచ్చి కాగితంపై అచ్చయింది. చూసినవారిలో జాన్ వాన్ న్యూమన్, నార్బర్ట్ వీనర్ వంటి హేమాహేమీలున్నారు.

తర్వాతి కాలంలో టెలిటైపే కంప్యూటరును నడిపే కన్సోల్ అయింది. యూనిక్స్‌లో నేటికీ 'టీటీవై' అనే మాట ఉంది. యంత్రం పోయినా పేరు పోలేదు! 1960లో వచ్చిన ఆర్‌ఎస్-232 ప్రమాణం ఈ సంబంధాన్ని ఎంతో సరళం చేసింది. పంపడానికి ఒక తీగ, అందుకోవడానికి ఒకటి, ఉమ్మడిగా మరొకటి ఉంటే చాలు, పని జరుగుతుంది. తీగ పొడవు కొద్ది మీటర్లే అయినా, చివర మోడెమ్ తగిలిస్తే టెలిఫోను లైను మీద ఎంత దూరమైనా పోవచ్చు. ఈ పాత పద్ధతిని చిన్నచూపు చూడకండి. నెట్‌వర్కు తెగిపోయినా, యంత్రం చివరిసారిగా ఏమని మొరపెట్టుకుందో ఈ తీగే చెబుతుంది.

1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలస్ నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని కంప్యూటరులోకి 'లాగిన్' కావాలని ప్రయత్నించారు. రెండక్షరాలు వెళ్ళగానే అవతలి యంత్రం కూలిపోయింది. ఆ అర్పానెట్ మీదే టెల్‌నెట్ పుట్టింది. ఇందులో సంకేతపదంతో సహా అంతా పోస్టుకార్డు మీద రాసినట్టే బాహాటంగా పోతుంది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో సంకేతపదాలను దొంగిలించిన ఘటన తర్వాత, 1995లో టాటు యిలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను రూపొందించాడు. పోస్టుకార్డు సీలువేసిన కవరుగా మారింది.

అయితే టెల్‌నెట్‌కైనా ఎస్‌ఎస్‌హెచ్‌కైనా లోపల ఆపరేటింగ్ సిస్టమ్ మేలుకొని ఉండాలి. ఇంటివారే స్పృహ తప్పితే తలుపు తీసేదెవరు? అందుకే ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ సంస్థలు 1998లో ఐపీఎంఐ ప్రమాణాన్ని తెచ్చాయి. మదర్‌బోర్డు మీద ఒక చిన్న ప్రాసెసరు విడిగా ఉంటుంది. ప్లగ్గులో కరెంటు ఉంటే చాలు, సర్వరు ఆపివేసి ఉన్నా అది పనిచేస్తుంది. వేడి ఎంతో చెబుతుంది, ఫ్యాను తిరుగుతోందో లేదో చూస్తుంది, ఆజ్ఞాపిస్తే సర్వరును ఆపి మళ్ళీ వెలిగిస్తుంది. 2004 నాటి రెండో వెర్షన్‌లో ఆ పాత సీరియల్ కన్సోల్ నెట్‌వర్కు మీదికెక్కింది. తెర బొమ్మనూ కీబోర్డునూ యథాతథంగా దూరానికి చేరవేసే కేవీఎం పరికరాలు వేరే ఉన్నాయి. చూడ్డానికి అవే హాయి, కానీ లైను నెమ్మదిగా ఉంటే సీరియల్ అక్షరాలే నయం.

వీటన్నిటికీ ఒక హద్దుంది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో అధికభాగం మునిగింది. అటువంటప్పుడు కరెంటూ లైనూ రెండూ పోతే ఏ కన్సోలూ పలకదు. యంత్రాన్ని పై అంతస్తులో పెట్టారా, వేరే కంపెనీ లైను రెండోది ఉందా అన్నవే ముందు అడగవలసిన ప్రశ్నలు.

ఇంకొక చిక్కు దొంగలతో. సంకేతపదం చెప్పకముందే, అడిగినవారికల్లా దాని హ్యాష్ రూపాన్ని ఐపీఎంఐ 2.0 అందించేస్తుందని 2013లో డాన్ ఫార్మర్ వెల్లడించాడు. 2017లో బయటపడ్డ మరో లోపం ఇంకా విడ్డూరం. హెచ్‌పీ వారి ఐఎల్‌ఓ 4 పాత ఫర్మ్‌వేర్‌కు ఒకేచోట 29 'ఏ' అక్షరాలు పంపితే తాళం దానంతటదే ఊడిపోయేది! ఆ చిన్న ప్రాసెసరు చేతికి చిక్కితే సర్వరు మొత్తం చిక్కినట్టే. కనుక దాని తీగను బహిరంగ ఇంటర్నెట్‌కు తగిలించకండి. విడి నెట్‌వర్కులో ఉంచి, అందులోకి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారానో వీపీఎన్ ద్వారానో మాత్రమే దారి ఇవ్వండి.