మత్తడి నీటి దారిలో ఒక ఉద్యానం

హైదరాబాద్‌లో అశోక్‌నగర్‌ను ఆనుకొని, దోమలగూడలో సుమారు 76 ఎకరాల మేర విస్తరించిన ఇందిరా పార్కుకు 1975లో నాటి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు. ఉద్యానం ఇటీవలిదే అయినా, దాని పరిసరాల నీటి వ్యవస్థ నగరం కన్నా పాతది. 1591లో హైదరాబాద్ వెలయక ముందే, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతాన హుస్సేన్‌సాగర్‌ను తవ్వించి, మూసీ నది నుంచి బల్కాపూర్ కాలువ ద్వారా దానిని నింపేవారు. చెరువు నిండినప్పుడు మత్తడి, అనగా మిగులు నీరు పొర్లిపోయేందుకు కట్టిన అలుగు, దాటిన నీరు నాలా రూపంలో దోమలగూడ, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతాల మీదుగా గోల్నాక వద్ద తిరిగి మూసీనే చేరుతుంది. ఏటి నుంచి తీసుకున్న నీటిని ఏటికే అప్పగించిన ఈ ఏర్పాటు ఆనాటి నేర్పుకు గట్టి సాక్ష్యమే. కానీ నాలా ఒడ్డులను ఆక్రమించి ఇళ్లు లేచాక, 2000 ఆగస్టు కుండపోతకు ఆ నాలా పక్క బస్తీలు నీట మునిగాయి. పార్కులో గంధపు చెట్లు, రాతి వనం నడకకు వచ్చేవారిని ఆకర్షిస్తుండగా, ప్రహరీ బయట నిరసనలకు వేదికైన ధర్నా చౌక్, వాటిపై 2017లో విధించిన ఆంక్షలను మరుసటి ఏడాది హైకోర్టు సడలించిన మీదట, మళ్లీ నినాదాలతో మోగింది.